నాలుగంగుళాల వెడల్పు

టొరంటో,
9 ఫిబ్రవరి 1993

ఐలి అత్తకి,

నువ్వు పంపిన ఏలకుల రొట్టె చేరింది. సగం నేను తిన్నాను, సగం ఆఫీసులో పోయింది. మా పెంబర్ హోల్ట్ కంపెనీలో తొమ్మిది వందల మంది ఉన్నారు, పదకొండు దేశాల్లో ఆఫీసులున్నాయి. ఏ కబురైనా ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి వెళ్లడానికి వారం పడుతుంది. రొట్టె వాసనకి మాత్రం ఒక్క నిమిషం చాలు.

అసలు సంగతి చెబుతాను. బర్చ్ లేక్‌లో కొత్త ఆస్పత్రి కడుతున్నారని క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చెప్పానుగా. ఆ పని మా కంపెనీకే వచ్చింది. పెద్దాయన హోల్ట్ గారు స్వయంగా చూస్తున్నారు. నన్నూ అందులోకి తీసుకున్నారు. కొందరిని భవనం ముఖభాగం మీద వేశారు, కొందరిని మెట్ల మీద. నన్ను తలుపుల మీద వేశారు. మొత్తం పదకొండు వందల ఎనభై నాలుగు తలుపులు, అన్నీ నావే. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే సాయంత్రం ఏడయ్యేదాకా తలుపుల దగ్గరే ఉంటున్నాను.

ఇదేం పనిలే అన్నట్టు చూసేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం గర్వంగానే ఉంది. నాన్న ఉంటే సంతోషించేవాడు.

నీ
మిర్యా

తా.క.: తలుపుల పని కోసం నాతో ఎక్కువమంది పోటీ పడలేదు. నిజం చెప్పాలంటే ఎవరూ పడలేదు.


థండర్ బే,
17 ఫిబ్రవరి

మిర్యాకి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. అందులో ఉన్నది మారలేదు.

ఏడేళ్లు యూనివర్సిటీలో చదువుకున్న పిల్లని తలుపుల దగ్గర నిలబెట్టారా? అదీ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా? పదకొండు వందల తలుపులు ఒక్క మనిషి ఎలా తీస్తుంది, ఎలా మూస్తుంది? ఒక చివర తెరిచి ఇంకో చివరకి వెళ్లేసరికి మొదటి తలుపు దగ్గరి మనిషి ముసలివాడైపోడూ?

తలుపు తీసే పని తక్కువదని నేననను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇక్కడి ఆస్పత్రి నాలుగో అంతస్తులో భోజనాల బండి తోశాను. ఏనాడూ తల దించుకోలేదు. కానీ బండి తోయడానికి ఏడేళ్ల చదువు అక్కర్లేదు కదా. మన ఫిన్లాండ్‌వాళ్ల హాలులో సిగ్నె అడిగింది, మీ మిర్యా ఏం చేస్తోందని. ఆస్పత్రి కడుతోందన్నాను. ఎలా కడుతోందని అడగబోయింది. కప్పు నిండా కాఫీ పోశాను.

రెండు జతల ఉన్ని మేజోళ్లు పంపుతున్నాను. తలుపు దగ్గర చలిగాలి కాళ్లనే పట్టుకుంటుంది.

మీ అత్త
ఐలి

తా.క.: వచ్చేపోయేవాళ్లు సంతోషించి చేతిలో ఏదైనా పెడితే తీసుకో. మొహమాటపడకు.


టొరంటో,
1 మార్చి

ఐలి అత్తకి,

మేజోళ్లు వెచ్చగా ఉన్నాయి. కానీ అత్తా, నేను తలుపులు తియ్యను. తలుపులు గీస్తాను. ఏ తలుపు ఎంత వెడల్పు, ఎటు తెరుచుకుంటుంది, దానికి గడియ ఉండాలా వద్దా, రెండు చేతుల్లోనూ సామాను ఉన్న నర్సు మోచేత్తో నెడితే కదులుతుందా, ఇవన్నీ నేనే తేల్చి రాయాలి. కాన్పుకొచ్చే తల్లి నా తలుపులోంచే లోపలికెళుతుంది, బిడ్డతో నా తలుపులోంచే బయటికొస్తుంది. ఈ మాట సిగ్నె గారికి ధైర్యంగా చెప్పు.

ఇక్కడ ఒక పేచీ వచ్చింది. రోగుల గదులు రెండు వందల పన్నెండు. అక్కడ నేను నలభై ఎనిమిది అంగుళాలు పెట్టాను. హోల్ట్ గారికి నా వెడల్పు నచ్చలేదు. నిన్న అందరి ముందూ నన్ను నాలుగంగుళాలు తగ్గమన్నారు. నలభై ఎనిమిది మరీ ఎక్కువట, నలభై నాలుగైతే చూడ్డానికి ముచ్చటగా ఉంటుందట. లండన్ ఆఫీసు నుంచి వచ్చినాయన దూరంగా వెళ్లి ఒకసారి, దగ్గరికొచ్చి ఒకసారి చూసి, అవును, నలభై నాలుగే అందం అన్నాడు. డాక్టర్లని కూడా అడిగారట, వాళ్లూ చాలన్నారట.

నేను తగ్గనన్నాను. మే నెలలోగా తగ్గకపోతే నన్ను తీసేసి ఇంకొకరిని పెడతారని వింటున్నాను. భయంగానే ఉంది. అయినా తగ్గను.

నీ
మిర్యా

తా.క.: తగ్గితే నష్టమేమిటో నాకు లోపల తెలుస్తోంది గానీ, వాళ్లకి నోటితో చెప్పలేకపోతున్నాను.


థండర్ బే,
9 మార్చి

మిర్యాకి,

ఆశీస్సులు తర్వాత. ముందు కోపం.

నీ నడుము నలభై ఎనిమిది అని నాకు తెలీదు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు ఇంట్లో కూడా కోటు విప్పలేదు, చలేమో అనుకున్నాను. అయితే ఏమిటట? మన ఇంట్లో ఆడవాళ్లందరం వెడల్పే. మీ నాయనమ్మ పిండి బస్తా చంకన పెట్టుకుని మంచులో రెండు మైళ్లు నడిచింది. ఆ వెడల్పు లేకపోతే నువ్వూ లేవు, నేనూ లేను.

పదిమంది ముందు ఆడపిల్లని తగ్గమనడానికి ఆయనెవరు? పైగా లండన్ నుంచి ఒక మగవాడిని పిలిపించి, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూపించడమా? డాక్టర్లని అడగడమా? తలుపులు గీసే పనికి నడుముతో ఏం పని?

నువ్వు తగ్గకు. అన్నం మానకు. ఇంకో రొట్టె పంపుతున్నాను, ఇది ఆఫీసులో పంచకుండా నువ్వే తిను.

మీ అత్త
ఐలి

తా.క.: మీ హోల్ట్ గారికి కూడా నాలుగు పేజీలు రాసి పడేశాను. మర్యాదగానే రాశాను, మూడో పేజీ దాకా.


టొరంటో,
24 మార్చి

అత్తా,

నా నడుము ముప్ఫై రెండు. నలభై ఎనిమిది తలుపు. తలుపు, అత్తా.

నీ ఉత్తరం అందేసరికే ఆలస్యమైపోయింది. సోమవారం మీటింగులో నలభై మంది ఉన్నాం. హోల్ట్ గారు చేతిలో కాగితాలతో లేచి నిలబడి, ఇది వినండి అని చదవడం మొదలుపెట్టారు. "వెడల్పు తగ్గించమనే హక్కు మీకెవరిచ్చారు? ముప్ఫై ఒక్క ఏళ్లు ఆస్పత్రిలో ఉన్నదాన్ని, ఇరుకు మనిషిని ఎంత బాధపెడుతుందో నాకు తెలుసు. అందం చూసేవాడు దూరంగా నిలబడి చూస్తాడు, భారం మోసేవాళ్లకి వెడల్పు కావాలి." నేను తల దించేసుకున్నాను. తల పైకెత్తితే ఎవరూ నవ్వడంలేదు. వాళ్లందరూ అది తలుపుల గురించి అనుకుంటున్నారు.

ఈ ఐలి లాంపిలా గారు మీకేమవుతారని హోల్ట్ గారు అడిగారు. మా అత్త అన్నాను. ఆస్పత్రిలోనా అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లు అన్నాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. మిగిలిందంతా ఆయనే ఊహించుకున్నారు. ఇప్పుడు ఒక గిడ్డంగిలో చెక్కలతో అచ్చం అసలు కొలతల్లో రోగి గది కట్టిస్తున్నారు. ఏప్రిల్ ఇరవై రెండున నువ్వొచ్చి చూడాలట. విమానం టికెట్టు పంపారు. ఆ వారమే నన్ను బర్చ్ లేక్ పునాదుల పనికి పంపుతున్నారు, కాబట్టి నేను పక్కన ఉండను.

రావాలనుంటే రా, వద్దనుకుంటే జలుబని రాసెయ్యి. వస్తే మాత్రం నిజం చెప్పు. నా ఉద్యోగం పోతే పోతుంది.

నీ
మిర్యా

తా.క.: ఆహ్వానం మీద డాక్టర్ ఐలి లాంపిలా అని ఉంటుంది. కంగారుపడకు.


టొరంటో, హోటల్ గది,
22 ఏప్రిల్

మిర్యాకి అత్త ఆశీస్సులు.

ఈ హోటల్లో దిండ్లు ఆరు. ఎందుకో అర్థం కాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నిదానంగా చదువు.

గిడ్డంగిలో ఎనిమిదిమంది ఉన్నారు. హోల్ట్ గారు పొడుగ్గా, ఆకలితో ఉన్నవాడిలా ఉన్నారు. లండన్ ఆయన కూడా ఉన్నాడు. రండి డాక్టర్ లాంపిలా అన్నారు హోల్ట్ గారు. నేను డాక్టర్ని కాదండీ, నాలుగో అంతస్తులో భోజనాల బండి తోసేదాన్ని అన్నాను. మరి ఆ ఉత్తరంలో వెడల్పు గురించి అంత వివరంగా రాశారే అన్నారాయన. అది మా పిల్ల నడుము గురించి రాశాను, మీరు తలుపు గురించి చదువుకున్నారు అన్నాను. లండన్ ఆయన గోడవైపు తిరిగాడు, భుజాలు కదులుతున్నాయి. హోల్ట్ గారి చెవులు ఎర్రబడ్డాయి.

మిర్యా, అప్పుడు నాకు నిజంగా భయమేసింది. నా నోటివల్ల నీ ఉద్యోగం పోయిందనుకున్నాను. ఎలాగూ వచ్చాను కదా, ఒక బండీ ఒక మంచమూ ఉంటే తెప్పించండి అన్నాను.

తెప్పించారు. లండన్ ఆయన్ని మంచం మీద పడుకోబెట్టాను. సెలైన్ సీసా తగిలించే కర్ర హోల్ట్ గారి చేతికిచ్చి, మీరు నర్సు, మంచం పక్కనే నడవండి అన్నాను. నలభై నాలుగు అంగుళాల తలుపులోంచి తోశాను. మంచం పట్టింది. నర్సు పట్టలేదు. హోల్ట్ గారి వేళ్ల చర్మం తలుపు చట్రానికి కొంచెం అంటుకుపోయింది. తర్వాత బండి మీద ఆరు గిన్నెల బఠాణీ సూప్ పెట్టించి, ఆ తలుపు దగ్గరి మలుపులోనే తిప్పాను. రెండు గిన్నెలు ఆయన బూట్లమీద పడ్డాయి. కావాలని చెయ్యలేదు. మొదటి గిన్నె మాత్రం కావాలని చెయ్యలేదు.

చేతికి గుడ్డ చుట్టుకుంటూ, డాక్టర్లు ఇది చాలన్నారే అన్నారాయన. వాళ్లు ఎప్పుడూ మంచం తొయ్యలేదండీ, మంచం పక్కన నిలబడతారు అన్నాను. ఆ తర్వాత, నీకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. మా అంతస్తులో పన్నెండో గది తలుపు ఇలాగే ఇరుకు. ఒక మధ్యాహ్నం ఒక ముసలాయనకి గుండె ఆగింది. మంచం, గుండెని మళ్లీ కొట్టించే యంత్రం, ముగ్గురు నర్సులు ఆ తలుపులో ఇరుక్కున్నారు. నేను బండి లాగేసి గోడకి అతుక్కుని నిలబడ్డాను.

"ఆయన బతికాడా?" అని అడిగారు హోల్ట్ గారు.

"లేదండీ. తలుపువల్లే పోయాడని నేననను. తలుపువల్ల కాదని కూడా ఇన్నేళ్లలో అనలేకపోయాను."

హోల్ట్ గారు వెంటనే ఒకమ్మాయిని పంపి నలభై ఎనిమిది అంగుళాల తలుపు బొమ్మ తెప్పించారు. మూలన నీ పేరూ, జనవరి తేదీ ఉన్నాయి. "ఇది జనవరి నుంచీ మన దగ్గరే ఉందన్నమాట" అన్నారు. అక్కడే, ఆ గుడ్డ చుట్టిన చేత్తోనే సంతకం పెట్టారు.

మీ అత్త
ఐలి

తా.క.: మిగిలిన నాలుగు గిన్నెల సూప్ అందరం పంచుకు తాగాం. ఉప్పు తక్కువైంది.


బర్చ్ లేక్,
3 మే

ఐలి అత్తకి,

నీ ఉత్తరం పునాదుల పక్కన రేకుల షెడ్డులో చదివాను. చదువుతూ ఏడ్చాను. మేస్త్రి పరుగెత్తుకొచ్చి, కాంక్రీటులో తేడా వచ్చిందా అమ్మా అని అడిగాడు. మా అత్త అన్నాను. అయ్యో అని టోపీ తీశాడు. నువ్వు బతికే ఉన్నావని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

రెండు వందల పన్నెండు తలుపులూ నలభై ఎనిమిదికే ఖాయమయ్యాయి. హోల్ట్ గారు ఫోన్ చేసి, ముఖభాగం మీదికి వస్తావా, కిటికీ పక్కన బల్ల ఇస్తానన్నారు. తలుపుల మీదే ఉంటానన్నాను. అయితే పదకొండు ఆఫీసుల్లోనూ ఆస్పత్రి తలుపులన్నీ నువ్వే చూడు అన్నారు. ఆరేళ్లుగా ఈ కంపెనీలో ఉన్నాను, బర్చ్ లేక్ దాటి ఎక్కడికీ పంపలేదు. ఇక లండన్ పంపుతారేమో.

నువ్వు ఆ గిడ్డంగిలో నిజం చెప్పి నిలబడ్డావు. నాకు అంత ధైర్యం ఉండేదో లేదో తెలీదు. నీ పేరు చెప్పుకోవాలంటే ఇప్పుడు నాకు ఛాతీ ఉప్పొంగుతోంది.

నీ
మిర్యా

తా.క.: ఆఫీసులో నన్ను ఇప్పుడెవరూ తగ్గమనడంలేదు. తగ్గు అన్న మాటే మానేశారు.


లండన్,
11 అక్టోబరు

మిర్యాకి అత్త ఆశీస్సులు.

పైన రాసిన ఊరు చూసి గాబరాపడకు. నాకేం కాలేదు. కంపెనీ పంపింది.

ముందే చెబితే చలి, వయసు, మోకాళ్లు అని అడ్డుపడతావని చెప్పలేదు. హోల్ట్ గారు కొత్త నియమం పెట్టారు. ఏ దేశంలో ఆస్పత్రి గీసినా, చెక్కగది కట్టి, అక్కడ బండి తోసినవాళ్లని పిలిచి తోయించాకే సంతకమట. ఎలా తోయించాలో చూపించడానికి నన్ను పంపారు. ఇక్కడ వెస్లీ అని ఒకాయన ఉన్నాడు, ఇరవై రెండేళ్లు మంచాలు తోశాడు. తలుపు లోపలికి తెరవాలా పక్కకి జరగాలా అని ఇద్దరం గంటసేపు వాదులాడుకున్నాం. చుట్టూ టై కట్టుకున్నవాళ్లు ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నారు. నా మాటలు ఎవరైనా రాసుకోవడం ఇదే మొదలు.

గోడమీద నీ బొమ్మ అంటించారు. కింద పెద్ద అక్షరాలతో "లాంపిలా తలుపు" అని రాశారు. ఇక్కడ దాన్ని అందరూ అలాగే అంటున్నారట. ఒక కుర్ర ఆర్కిటెక్టు నా పేరు చూసి, ఇది మీ పేరేనా అని అడిగాడు.

కాదు బాబూ, అది మా అన్న కూతురు పేరు, నేను ఆమె అత్తని, అంతే అన్నాను. అంతే అన్నాను గానీ, వెనక వరసలోవాళ్లకి కూడా వినపడేంత గట్టిగా అన్నాను.

మీ అత్త
ఐలి

తా.క.: వచ్చే నెల సింగపూర్ అట. అక్కడెప్పుడైనా ఎదురుపడితే నలుగురిలో అత్తా అని పిలవకు. ఇక్కడ నన్నందరూ మిస్ లాంపిలా అంటున్నారు, అలవాటైపోయింది.