ఫ్రేముకు పట్టని ఫోటో

చిరంజీవి బుజ్జిగాడికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఏ ఉత్తరమైనా ఇలాగే మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది కాబట్టి ముందు ఆ ముక్క రాసేశాను. నువ్వూ క్షేమమే అనుకుంటాను. వేళకి తింటున్నావా, లేక ఆ డెస్కు ముందే కూర్చుని టీలతో కడుపు నింపుకుంటున్నావా?

నీ ఉత్తరం అందింది. మీ నాన్న ఫ్రేముల షాపులోనే కవరు చింపి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, అద్దం కోయించుకోవడానికి వచ్చినాయనకి కూడా వినపడేలా చదివారు. "మావాడు పేపర్లో ఫోటోలు చూస్తాడండీ. వాడు సరే అంటేనే అచ్చయ్యేది" అని పాపం ఆయనకి చెప్పిందే చెప్పారు. నీ ఎదురుగా ఇలాంటివి నోరు జారి కూడా అనరు కాబట్టి నేను రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. ముందుగది పైకప్పు బాగుచేయించాం, ఇక కారదు. నా మోకాలు నొప్పి తగ్గలేదు, నేను దాన్ని పట్టించుకోవడం మానేశాను. ఎదురింటి టైలరమ్మ కూతురు పరీక్ష పాసయింది, నీకు చెప్పమంది. మీ నాన్న దగ్గు సంగతి తర్వాత రాస్తాను.

ఇక ఆ ఫోటో. ఆ హీరో చనిపోయిన రోజు ఆస్పత్రి వెనక గేటు దగ్గర ఎవరో తీసి మీ ఆఫీసుకి పంపారు. తెరవగానే "మా అమ్మ!" అని అరిచానని, డెస్కులో వాళ్లంతా లేచి వచ్చి చూశారని గొప్పగా రాశావు. పైనా కిందా కోసేసి నా మొహం ఒక్కటీ మొదటి పేజీలో అంత పెద్దది వేశావు. కింద "అభిమాన నటుడి కోసం ఓ తల్లి కన్నీరు" అని నువ్వే రాశావటగా. చక్కగా రాశావు. నేను తప్ప అందరూ మెచ్చుకున్నారు.

ఆ రోజునుంచి నేను కూరలకి వెళ్లడం కూడా ఒక వేడుకైపోయింది. "మీరే కదండీ ఆ ఏడ్చినావిడ!" అంటారు. నిన్నగాక మొన్న ఒకమ్మాయి షాపులోకి వచ్చి నా భుజం మీద చెయ్యేసి ఫోను ఎత్తి పట్టుకుంది. "ఆంటీ, కొంచెం ఏడుస్తున్నట్టు పెట్టండి" అంది. నవ్వొచ్చింది. "నవ్వకండి ఆంటీ, నవ్వితే మీరని ఎవరూ గుర్తుపట్టరు" అంది. ఏం చెప్పమంటావు? ఇన్నేళ్లు ఈ వీధిలో నేను నవ్వుతూ తిరిగినది ఎవరికీ పట్టలేదు.

మీ నాన్న సంగతి సరేసరి. పేపరు కోసి, అద్దం వేసి, కౌంటరు వెనక గోడకి తగిలించారు. వచ్చినవాళ్లందరికీ అది చూపించి, నా వైపు తిరిగి, "ఏమోయ్, పరాయివాడికే ఇంత ఏడ్చావు. ఇందులో సగమైనా నాకు దాచిపెడతావా?" అంటారు. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇది రోజూ జరిగేదే.

చెప్పకుండా ఎలా వేశావురా అని నేను ఫోనులో విసుక్కున్నందుకు నువ్వు పెద్ద పాఠమే రాశావు. గదిలోకి తొంగిచూసి తీస్తే తప్పుగానీ, వీధిలోకి వచ్చాక మొహం అందరిదీ అంటావు. సినిమావాళ్లయితే మరీనూ, చూడమనే కదా ఆ మొహం పెట్టుకు బతికేది అంటావు. నీతో వాదించేంత చదువు నాకు లేదు. ఆ రోజు చూసింది మాత్రం చెబుతాను.

ఆ హీరో భార్యని నేను చూశాను. టీవీలో కాదు, ఆస్పత్రి వరండాలో, వెనక తలుపు పక్కన ఉండే బెంచీ మీద. మొదట గుర్తుపట్టలేదు. మొహం ఉబ్బిపోయి ఉంది. నేను పక్కనుంచి పోతుంటే, "అమ్మా, గేటు దగ్గర ఎవరైనా ఉన్నారేమో కాస్త చూసి చెబుతారా?" అంది. నేను తలుపు సందులోంచి చూసి వచ్చాను.

"ఉన్నారమ్మా. గోడలెక్కి కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారు" అన్నాను.

"అయితే ఇక్కడే ఏడవాల్సిందంతా ఏడ్చేయాలి. బయట కుదరదు" అంది. నాతో అన్నదో, తనలో తను అనుకున్నదో. పంపు దగ్గర మొహం కడుక్కుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మళ్లీ కూర్చుంది. ఆవిడ బయటికి వచ్చాక నీకు అందిన ఫోటోలు నువ్వూ చూసే ఉంటావు. కంట తడి లేదని, రాయిలాగుందని ఎవరెవరో ఏమేమో రాశారు. మీ పేపరూ రాసింది.

ఆవిడ మాట నాకప్పుడు తలకెక్కలేదు. ఎందుకంటే నేను ఏడవడానికి బయటికి వెళుతున్నాను.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి వస్తాను. "ఆయన సినిమా ఒక్కటీ పూర్తిగా చూడవు కదమ్మా, అంత ఏడుపు ఎలా వచ్చింది?" అన్నావు. నాయనా, నాకు ఆ హీరో పోయిన సంగతే గేటు దాటేదాకా సరిగ్గా తెలియదు.

నేను ఆ రోజు మీ నాన్న పరీక్షల కాగితాలు తెచ్చుకోవడానికి వెళ్లాను. ఆయన వస్తానంటే, షాపు మూయడం దేనికి, నేను తెస్తాలెండి అన్నాను. పెద్ద డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. క్యాన్సరు. ఊపిరితిత్తుల్లో మొదలై ఎముకల్లోకి పాకిందట. ఏం చేద్దాం బాబూ అని అడిగాను. "చేయడానికి లేదమ్మా. నొప్పి తెలియకుండా చూద్దాం. ఇంటికి తీసుకెళ్లి ఆయనకి ఇష్టమైనవి వండిపెట్టండి" అన్నాడు. మంచివాడే. ఆ డాక్టరు ముందు ఏడిస్తే బాధపడతాడని బిగపట్టుకున్నాను. వరండాలో వేరే రోగులుంటారు, వాళ్లు బెదిరిపోతారని అక్కడా ఏడవలేదు. ఇంటికి వస్తే మీ నాన్న ఉంటారు. ఇంక నాకు మిగిలిందేమిటి, వీధి. వీధిలో నన్నెవరు ఎరుగుదురు, నావైపు చూసే పని ఎవరికుంది అనుకున్నాను. గేటు బయట ఆ జనంలో నిలబడి, కడుపారా ఏడ్చాను. అందరూ ఏడుస్తున్నారు కదా, అచ్చం నా కోసమే ఏర్పాటు చేసినట్టుందనుకున్నాను.

నీకు చెప్పకుండా దాచానని కోపం తెచ్చుకోకు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది ఆయన జేబులో ఉంటుంది. ఎవరిదైనా అడిగి తీసుకుని వీధిలో నిలబడి నీతో మాట్లాడదామంటే, వీధి అంటేనే ఇప్పుడు నాకు హడలు. గొంతు కాస్త వణికితే చాలు, ఎవరో ఒకరు ఫోను పైకెత్తుతారు.

ఆయనకి నేను చెప్పలేదు. చెక్క పొడి ఛాతీలో చేరిందట, మందు తాగుతూ ఉంటే మెల్లగా తగ్గుతుందట అన్నాను. నమ్మారు. ఎక్స్‌రేల కవరు షాపులో ఎవరూ పట్టుకుపోని ఆ పాత పెళ్లి ఫోటో వెనక పెట్టాను.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. నాన్నకి కానుకగా ఆ ఫోటో అసలుది, కోయనిది, తలనుంచి పాదాలదాకా, వెనక గేటుతో, చేతిలో ఉన్నదానితో సహా పెద్దది వేయించి పంపుతున్నానన్నావు. "ఫోటోని కోసినందుకు నాన్న నన్ను తిట్టకుండా" అని కూడా రాశావు. అది చదివి ఆయన ఎంత మురిసిపోయారో! మీ ఇద్దరికీ ఎప్పుడూ అదే గొడవ కదా. ఫోటోకి తగ్గ ఫ్రేము చేయాలిగానీ ఫ్రేము కోసం ఫోటోని కోయకూడదని ఆయన పట్టు. ఇన్నేళ్లలో ఆ షాపులో ఎవరి ఫోటో మీదా ఆయన కత్తి పెట్టలేదు. ఎంత వంకర సైజు తెచ్చినా సరే, దానికి తగ్గ చెక్క కోసేవారు. నువ్వు సైజు రాశావని అప్పటికప్పుడే టేకు చెక్కతో ఫ్రేము చేసి, పాలిషు పెట్టి, బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

బుజ్జీ, ఆ ఫోటోలో నా చేతిలో ఉన్నది ఆ కవరే. నువ్వు కోసేసినప్పుడు నీకది అడ్డం వచ్చిన చెత్త. నీ కంప్యూటర్లో ఆ అక్షరాలు చీమ తలకాయంత కనపడి ఉంటాయి. దాని మీద మీ నాన్న పేరు ఉంది. కింద క్యాన్సరు వార్డని ఉంది. నా తల పైన బోర్డు మీదా అదే వార్డు పేరు ఉంది. పెద్దది వేయిస్తే ఆయన కళ్లద్దాలు లేకుండా చదివేస్తారు. ఈ ఉత్తరం అందగానే ఆపెయ్యి. ఇంకా పంపకపోతే పంపకు. ప్రెస్సువాళ్లు పాడుచేశారని ఏదో ఒకటి చెప్పు. నీకు దణ్ణం పెడతాను.

*

ఉత్తరం ఇంతవరకు రాసి, దిండు కింద పెట్టి, మందుల షాపుకి వెళ్లాను. వచ్చేసరికి నీ పార్సిలు విప్పి ఉంది.

మీ నాన్న బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. అప్పటికే అద్దం బిగించేశారు. నా మొహం, అంతే. పైన బోర్డు లేదు, చేతులు లేవు, కవరు లేదు. పేపర్లో నువ్వు ఎక్కడ కోశావో సరిగ్గా అక్కడే కోశారు. ఏదో పాత ఫ్రేములో పెట్టారు. టేకు ఫ్రేము ఖాళీగా బల్ల కింద ఉంది.

"అదేంటండీ, కోసేశారు?" అన్నాను.

"ఫ్రేముకి పట్టలేదోయ్" అన్నారు. "వీడు సైజు తప్పు రాశాడు."

"మిగతా ముక్క?"

"అదేముంది, చెత్త. పారేశాను."

నా వైపు చూడలేదు. చాలాసేపు గుడ్డతో అద్దం తుడుస్తూనే ఉన్నారు. అప్పుడే ఒకాయన షాపులోకి వచ్చి, "ఆ హీరో కోసం ఏడ్చిన ఫోటో ఇదేనా?" అని అడిగాడు. మీ నాన్న రోజూ వేసే జోకు ఇప్పుడు వేస్తారని చూశాను. వేయలేదు. "ఆవిడకి మనసు మెత్తన" అన్నారు, అంతే. తర్వాత లోపలికి వచ్చి, నా చేతిలోని మందు సీసా తీసుకుని, నేను చెప్పకుండానే తాగారు. చేదుగా ఉందని రోజూ పెట్టే పేచీ కూడా పెట్టలేదు.

తనకి తెలిసిపోయిన సంగతి నాకు తెలియదని ఆయన అనుకుంటున్నారు. నేను కూడా అలాగే ఉంటాను. నువ్వూ ఏమీ తెలియనట్టే రా. ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా రా. కెమెరా తేకు. ఇంట్లో ఆయనకంటూ విడిగా ఒక్క ఫోటో కూడా లేదని, ఊళ్లో అందరి ఫోటోలకీ అద్దాలు వేసిన మనిషికి అదొక్కటీ లేదని ఇప్పుడే గుర్తొచ్చింది. అయినా తేకు. ముందు నువ్వు ఆయన్ని చూడు.

ఉత్తరం మొదట్లో మేమిద్దరం క్షేమమని రాశాను. కొట్టేద్దామనుకున్నాను, ఈలోగా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. "వాడికేనా? ఫోటో చాలా బాగుందని రాయి. నా దగ్గు కూడా తగ్గిపోయిందని రాయి. పిల్లవాడు బెంగపెట్టుకుంటాడు" అన్నారు.

మీ నాన్న దగ్గు తగ్గిపోయిందట నాయనా.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ అమ్మ