ఎర్త్ లేని ఇల్లు

చిరంజీవి సౌభాగ్యవతి సత్యకుమారికి, నీ ఇంటి నుంచి ఆశీస్సులు.

"బావా, ముందు భూమికి తీగ కలుపుతాను. ఆ తరవాతే నీ ఇంట్లో స్విచ్చి వేస్తాను." మీ తమ్ముడు మోహన్‌కృష్ణ మన ఇంటికి కరెంటు పని చేస్తూ పెరట్లో నిలబడి ఈ మాట ఇచ్చి ముప్పై ఏళ్లు దాటింది. నిలబెట్టుకోలేదు. ఉత్తరం ఇలా మొదలుపెట్టినందుకు కోపం తెచ్చుకోకు. ఇక్కడ నేనూ, ఆవూ, కాఫీ మొక్కలూ క్షేమం. మిరియాల తీగకు ఈసారి కాపు బాగుంది. అక్కడ నీ కళ్లు నెమ్మదించాయని తలుస్తాను.

ఫోనులో చెప్పకూడదని రాస్తున్నాను. మీ తమ్ముడింట్లో ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. నేను దగ్గినా ఇంటిల్లిపాదీ వింటారు. అందుకే అక్షరాలు పెద్దవిగా రాశాను. కాసేపు చదువుకోవచ్చని డాక్టరు అన్నాడు కనక నువ్వే చదువుకో. బిందుమాధవి చేతికి ఇవ్వకు. మేనకోడలే కావచ్చు, కానీ ఇది ఆ పిల్ల వినాల్సింది కాదు.

తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. పక్కింటి యర్రమ్మత్త రోజూ రాగి అంబలి పంపిస్తోంది, దానితోపాటు నాలుగు తిట్లు కూడా. స్విచ్చులు ఏం చేశావని అడిగావు. అది పెద్ద కథ.

బిందుమాధవి పంపిన పెట్టె తెరిచి చూశాను. నల్లటి అద్దం పలకలు. నొక్కడానికి మీట లేదు, తడిమితే తెలిసే గుర్తు లేదు. వేలు ఆనిస్తే చాలట, ఫోనులోంచి కూడా వేసుకోవచ్చట. కంటికి ఆపరేషనైన మనిషి చీకట్లో గోడ తడుముకుంటూ వస్తే ఆ నున్నటి అద్దం మీద ఏది ఏ దీపమో ఎలా తెలుస్తుంది? ఫోను వెతుక్కోవడానికి ఇంకో దీపం కావాలి. పైగా మన లోయలో సిగ్నలు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో నీకు తెలుసు. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేది కావాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు భళ్లున వెలిగి నీ కళ్లను పొడవనిది కావాలి. పెట్టెలో వచ్చిన పుస్తకం మొత్తం చదివాను. అద్దాలు తిరిగి పెట్టెలో పెట్టేశాను.

వాటి బదులు వేరేవి తెప్పించాను. అగ్గిపెట్టెంత యంత్రం, పాత స్విచ్చి వెనక గోడ పెట్టెలో ఇమిడిపోతుంది. పైన నీకు అలవాటైన టకటకలాడే స్విచ్చే ఉంటుంది. నీ మంచం దగ్గర మాత్రం గుండ్రంగా తిప్పి వెలుగు తగ్గించుకునే డిమ్మరు. మామూలు ఎల్‌ఈడీ బల్బు దానితో కలిస్తే రెపరెపలాడుతుంది, అందుకని డిమ్మరుకు సరిపడే బల్బులు వేరే కొన్నాను. స్నానాల గది దారిలో, నువ్వు జారిపడిన ఆ గడప దగ్గర, మనిషి కదిలితే మెల్లగా వెలిగే దీపం. నువ్వు మళ్లీ పడితే ఇంక పంపనని మోహన్‌కృష్ణ ఫోనులో నాకు వినపడేలా అన్నాడు కదా. "అక్క ఇక్కడే ఉండిపోద్ది" అన్నాడు. నువ్వు ఏమీ అనలేదు. ఆ మౌనం నన్ను ఈ నెలంతా కూర్చోనివ్వలేదు.

బిగించడానికి అరకు నుంచి కరెంటు పనివాడు బుజ్జిబాబు వచ్చాడు. మొదటి స్విచ్చి పెట్టె విప్పగానే నాలిక చప్పరించాడు.

"సారూ, ఇందులో న్యూట్రల్, అదే కరెంటు తిరిగెళ్లే తీగ, నేదండి. ఫేజొకటి, బల్బుకెళ్లేదొకటి, అంతే. ఈ సామానుకి న్యూట్రల్ కావాల."

"లాగు. కొత్త తీగ లాగు."

"గోడలన్నీ కొట్టాలండి. ఎందుకొచ్చిన గొడవ, ఎర్త్ తీగ ఉంది కదా, దాన్నే న్యూట్రల్‌గా కలిపేద్దాం. బేగి అయిపోద్ది. సుట్టుపక్కల అందరికీ అలాగే సేత్తన్నాను."

వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. "అందరికీ చేస్తున్నావా? రేపు ఎవడైనా తడి చేత్తో గీజరు పట్టుకుంటే ఏమవుతుందో తెలుసా?"

"ఏటవుద్ది సారూ, కాత్త సురుక్కుమంటాది."

"మా తమ్ముడికి అలాగే చురుక్కుమంది. పంతొమ్మిదేళ్లవాడు" అన్నాను. వాడు ఆ పచ్చ తీగ వదిలేశాడు.

తమ్ముడు ఫల్గుణ సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఆషాఢం వాన, వట్టి కాళ్లు, బావి దగ్గర మోటారు ఇనప ఒళ్లు. ఎర్త్ ఎందుకు పనిచెయ్యలేదని శవం దగ్గరే మోహన్‌కృష్ణను అడిగాను. తల దించుకున్నాడు. నాకు ఆ తల దించడమే రుజువు. ఎర్త్ గోతికి నేను కొనిచ్చిన ఇనప గొట్టం, ఉప్పు, బొగ్గు అమ్ముకున్నాడని సంతలో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను. మళ్లీ నా గడప తొక్కనివ్వలేదు. ఇంట్లో బల్బులూ ఫ్యానూ తప్ప ఇనుముతో చేసినదేదీ కరెంటుకు తగిలించనివ్వలేదు. నువ్వు పండగ పండగకీ రుబ్బురోలు దగ్గరే కూర్చున్నావు, ఒక్కసారీ గ్రైండరు అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలిసింది.

బుజ్జిబాబు ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూశాడు. వెలగలేదు. ఆ పచ్చ తీగ ఎక్కడికి పోతోందో చూద్దామని వెనక గోడ బయటికి వెళ్లాం. జానెడు లోతు తవ్వితే తీగ కొస వచ్చింది, చుట్ట చుట్టి పాతిపెట్టి ఉంది. దేనికీ కలపలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు సంతోషమేసింది. ముప్పై ఏళ్లుగా నేనన్నది నిజమే అని ఊరందరినీ పిలిచి చూపిద్దామనుకున్నాను. ఇంకా లోతుగా తవ్వమని బుజ్జిబాబుకు గునపం ఇచ్చాను.

యర్రమ్మత్త అంబలి గిన్నె పట్టుకుని వచ్చింది, వస్తూనే కేకేసింది.

"ఒరే గుంటడా! ఆ గునపం అవతల పారేయ్! ఏటిరా తవ్వుతున్నావు?"

"ఎర్త్ గొయ్యి అత్తా" అన్నాను.

"అక్కడ గొయ్యేటి? కొత్త కొర్రలు పండినేళ పోయిన పెద్దలకి కొర్రకొత్త పెట్టే సోటది. మీ యమ్మ ఆ పొద్దే ఆపీసింది. మళ్లీ నువ్వు మొదలెట్టినావా?"

"ఎవర్ని ఆపింది?"

"ఇంకెవర్ని, నీ బావమరిదిని. ఉప్పు, బొగ్గు తెచ్చి పెద్దల నోట్లో కొడతావేట్రా అని గోతిలో కూకుండిపోయింది. ఆ గుంటడు కాళ్లట్టుకున్నాడు. వానలు తగ్గినాక పడమటేపు రాయి పగలగొట్టి పెడతానత్తా అన్నాడు. నీకు సెబితే నువ్వు పెద్దల్ని తిట్టి గొయ్యి తవ్వేత్తావని ఒట్టేయించుకుంది."

గొట్టం ఏమైందని అడిగాను.

ముసలామె నవ్వింది. "సదువుకున్నోడివి, రోజూ సూత్తావు కదా అల్లుడా. సిక్కుడు పందిరికి పాతినాది ఏటనుకున్నావు?"

వెళ్లి చూశాను. తుప్పుపట్టింది గానీ చిల్లులు అలాగే ఉన్నాయి. పందిరి రాటకు వరసగా చిల్లులెందుకని నేను ఒక్కనాడూ అడగలేదు. ఇన్నేళ్లూ ఆ పందిరి చిక్కుళ్లే తిన్నాను.

"మరి ఉప్పు?" అన్నాను.

"నీ పెళ్లామే నోపలికి మోసింది" అంది యర్రమ్మత్త. అని నా ముఖం చూసి, అనకూడని మాట అన్నానని తెలిసి, గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

సత్యకుమారీ, ఇది జరిగి వారమైంది. రోజూ నీతో ఫోనులో వాన గురించీ ఆవు గురించీ మాట్లాడాను. ఇది మాత్రం దాచాను.

పని ఆపలేదు. పడమటి వైపు రాయి పగలగొట్టించాను. బుజ్జిబాబు తవ్వబోతే యర్రమ్మత్త గుప్పెడు కొర్రలు తెచ్చి చల్లుతానంది. నేను వద్దనలేదు. కొత్త గొట్టం దించాం, బొగ్గూ ఉప్పూ నా చేత్తోనే పోశాను. మళ్లీ పరీక్షించాడు. బల్బు వెలిగింది. ప్రతి గదికీ న్యూట్రల్ లాగించాను. స్నానాల గదిలో గీజరు పెట్టించాను. నీ మంచం దగ్గర డిమ్మరు తిప్పి చూశాను. దీపం కుంపట్లో నిప్పంత మెల్లగా మొదలై పెరుగుతుంది. కన్ను పొడవదు. "ఇక్కడే ఉండిపోద్ది" అన్నవాడికి నా జవాబు ఇదే అని చెప్పు.

మీ తమ్ముడే నిన్ను కారులో దింపవచ్చు. గేటు నేనే తీస్తాను. కాఫీ కలిపిస్తాను. సంతలో అన్న మాటలు సంతలోనే వెనక్కి తీసుకుంటాను, ఈ శుక్రవారమే వెళతాను. ఎవరికీ అన్యాయం చేసి పోవాలని నాకు లేదు.

నువ్వు అడిగిన చివరి ప్రశ్నకు జవాబు. "తమ్ముడి మీద నీ కోపం ఎప్పుడు పోతుంది?" అన్నావు. పోయింది. అమ్మకు కరెంటంటే ఏమిటో తెలియదు. తన చేతులతో ఆపిన గొయ్యి తన కొడుకును మింగిందని ఆమెకు చివరిదాకా తెలుసేమో, తెలిసి ఉంటే అంతకంటే శిక్ష లేదు. ఆమెనూ వదిలేశాను. మోహన్‌కృష్ణ మా అమ్మకిచ్చిన మాట కోసం నాకిచ్చిన మాట తప్పాడు, దొంగ అనిపించుకున్నాడు, కాంట్రాక్టు పనే మానేశాడు. అతన్నీ వదిలేశాను.

కానీ చెయ్యని నేరానికి ఒక మనిషిని ద్వేషిస్తూ నేను ముసలివాణ్ణయిపోతుంటే, ఎదురుగా కూర్చుని నాకు అన్నం వడ్డించిన మనిషి ఒకరున్నారు. నేను ద్వేషించినవాడు ఆ వడ్డించిన మనిషికి సొంత తమ్ముడు. ఒక్క మాటతో ఇద్దర్నీ విడిపించగలిగి ఉండీ ఆ మాట అనలేదు. అమ్మ బతికున్నన్నాళ్లూ అనకపోవడం అర్థం చేసుకోగలను. ఆమె పోయి పదేళ్లు దాటిందే! నిజం మోయలేనంత చిన్నవాణ్ణని నా గురించి ఎవరు తీర్పు చెప్పారు?

బేగి రా. దీపాలు సిద్ధంగా ఉన్నాయి, ఈ ఇల్లు నువ్వు లేకుండా నాకు అక్కర్లేదు. వచ్చాక మాత్రం నా ఎదుట కూర్చుని జవాబు చెప్పాలి. నేను ఇంకా తప్పుపడుతున్నది ఒక్కరినే. నిన్నే, సత్యకుమారీ.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
నీ పెనిమిటి