ఇరవై మూడో చెయ్యి

బైరికి, తరావా
ఆగస్టు 14, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటలు

తమ్ముడు బౌరోకు,

మౌరి, క్షేమమా. నువ్వూ, నీతో ఉన్న సభ్యులూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను, మీ వదిన బాగానే ఉన్నాం. మన దీవి ఒనొతోవాలో మనవాళ్లు బాగాలేరు. అందుకే ఈ ఉత్తరం.

ఓటుకి ముందు ఎవరూ అటు జారిపోకుండా, మీ ప్రతిపక్ష నాయకులే మీ సభ్యులు ఇరవై ముగ్గురినీ ఒకే ఇంట్లో పెట్టి, ఫోన్లు తీసేసుకున్నారని తెలిసింది. గేటు దగ్గరికి మూడుసార్లు వచ్చాను. మూడోసారి మీ కాపలావాడు, "రేడియో తాతా, నిన్ను లోపలికి రానిస్తే రేపు వార్తల్లో నా పేరు చదువుతావు, వద్దులే" అని నవ్వి పంపేశాడు. మీ ఆవిడ మేరె రోజూ నీకు అన్నం, చేపలు పంపుతోందని విని ఆమెని అడిగాను. "గిన్నె అడుగున పెడతాను బావగారూ, తింటే దొరుకుతుంది, అలిగితే దొరకదు" అంది. ఇది చదువుతున్నావంటే తిన్నావన్నమాట.

నీకు తెలిసిందే అయినా వరసగా రాస్తాను. నాకు అలా రాస్తేనే ఆలోచన సాగుతుంది.

తొమ్మిది నెలలుగా దక్షిణ దీవుల్లో వాన లేదు. ఉప్పునీటిని మంచినీళ్లు చేసే యంత్రాలు రెండు, పంతొమ్మిది రోజులుగా బేసో రేవులో పెట్టెల్లోనే ఉన్నాయి. నిన్న చేత్తో తాకి వచ్చాను. వాటిని తీసుకెళ్లే ఓడకి సభ అనుమతి కావాలి. అధ్యక్షుడు ఆ అనుమతినీ, తన కొత్త విమానాన్నీ కలిపి ఒకే బిల్లులో పెట్టాడు. విమానం తీసెయ్యండి, గంటలో పాస్ చేస్తాం అని మీరన్నారు. మొత్తం ఇవ్వండి, లేదా నన్ను దించండి అని ఆయనన్నాడు. రెండు మాటలూ వార్తల్లో నేనే చదివాను, ఒకే గొంతుతో.

రేపు తొమ్మిదికి ఓటు. మీరు ఇరవై ముగ్గురు, వాళ్లు ఇరవై ఇద్దరు. బిల్లు ఓడితే ఆయన పదవి పోతుంది, దాంతోపాటే సభ రద్దవుతుంది. ఎన్నికలయ్యేదాకా ముగ్గురు పెద్దల మండలి కుర్చీలో కూర్చుంటుంది. ఆ మండలి కొత్త ఖర్చేదీ మొదలుపెట్టదు. చట్టం చదివినవాళ్లు ముగ్గుర్ని అడిగాను, ముగ్గురూ అదే చెప్పారు. ఎన్నికలకి తక్కువలో తక్కువ పది వారాలు. పెట్టెలు అన్నాళ్లూ రేవులోనే ఉంటాయి.

ఇక నీకు తెలియనిది. సోమవారం ఒనొతోవా నుంచి నర్సు ఫోన్ చేసింది. రెండు వారాల్లో ముగ్గురు పసివాళ్లు పోయారు. పేర్లు, వయసులు రాసుకుని వార్తల్లో చదివాను. జబ్బుపడ్డ నాలుగో బిడ్డ ఇంకా బతికే ఉంది. మన చెల్లెలు రోతియా కూతురు కైయా. పద్నాలుగు నెలలు. బావి నీళ్లు తాగి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయని నర్సు చెప్పింది. ఆమె దగ్గర సెలైన్ సీసాలు రెండే మిగిలాయి. మందులూ ఆ ఓడలోనే ఎక్కించారు. రేపు మధ్యాహ్నం పోటుకి బయల్దేరితే శనివారానికి చేరుతుంది.

రోతియాతో మాట్లాడాను. ఏడవలేదు. "బౌరోకి చెప్పావా అన్నయ్యా?" అని అడిగింది. వాడు నాతో మాట్లాడటం లేదు కదే అన్నాను. "సరే, మీ పౌరుషాలు తీరాకే చెప్పుకోండి. అందాకా కాస్త ఆగవే తల్లీ అని నేను దీనికి చెప్తాను" అంది.

మీ పార్టీకి నువ్వు భయపడవని నాకు తెలుసు. నువ్వు భయపడేది దీవిలోని పెద్దలకి. అందుకే నిన్న వాళ్లందరికీ పెద్దయిన నబౌవా ముసలాయనకి ఫోన్ చేశాను. అధ్యక్షుణ్ని దించుతానన్న ఆ మాట నుంచి బౌరోని వదిలెయ్యండి, రేపు బిల్లుకి ఓటేస్తే తప్పు పట్టం అని ఒక్క కబురు పంపండి అని బతిమాలాను. ఆయన చాలాసేపు దగ్గి, "మీ అన్నదమ్ములిద్దరూ నోటితోనే బతుకుతారు కదా. ఒకడు నుంచుని చెప్తాడు, ఇంకొకడు పెట్టెలోంచి చెప్తాడు. అతన్ని దించే చెయ్యి నాదే అని వాడన్నది నేను ఆ పెట్టెలోనే విన్నాను. విన్నదాన్ని మింగెయ్యమంటావా? మాట తప్పినవాడి పడవ మా ఒడ్డుకి రాకూడదు" అన్నాడు. పిల్లలు పోతున్నారు కదా అన్నాను. "పాతిపెట్టింది మేమే, నువ్వు చెప్పక్కర్లేదు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట గురించే నాలుగు నెలలుగా మన మధ్య మాటల్లేవు. నేను దాన్ని మార్చి ప్రసారం చేశానని నువ్వన్నావు. మార్చలేదని నేనన్నాను. ఆ గొడవ ఇప్పుడొద్దు.

ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఏ సభ్యుణ్నీ ఏమీ అడగలేదు. నిన్ను కూడా పడవ అడగలేదు, పంది అడగలేదు. అయినవాడు బుబుతి అని నోరు తెరిచి అడిగితే మనలో కాదనకూడదు, అందుకే ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. బౌరో, ఇది నా బుబుతి. రేపు నీ చెయ్యి బిల్లు వైపు ఎత్తు. విమానం కూడా పాసైపోతుంది, తెలుసు. ఆ విమానం నాకూ ఇష్టం లేదు. నువ్వు అమ్ముడుపోయావంటారు. ఆ వార్త కూడా నేనే చదవాలి. అయినా ఎత్తు. నాకు ఇంకో దారి కనపడటం లేదు.

నీ అన్న,
ఉరియం

తా.క. సంతకం పెట్టాక ఉత్తరం మళ్లీ చదివాను. ఇందులో ఒక అబద్ధం ఉంది. నీ మాట నేను మార్చాను. ఏప్రిల్‌లో సభ మెట్ల మీద నువ్వన్నది ఇది: "నీళ్లు పంపకపోతే అతన్ని దించే చెయ్యి నాదే. పంపితే మాత్రం ఎన్ని విమానాలు కొనుక్కున్నా అడ్డం రాను." ఆరోజు వార్తలు ఏడు సెకన్లు ఎక్కువయ్యాయి. ముందూ వెనకా కోసేసి మధ్యలో పదునైన ముక్క ఒక్కటీ ఉంచాను. మొత్తం వినిపించమని నువ్వు చుట్టాలందరి ముందూ అడిగినప్పుడు, రికార్డింగ్ చెరిగిపోయిందన్నాను. చెరగలేదు. నా సొరుగులోనే ఉంది.

బుబుతి వెనక్కి తీసుకుంటున్నాను. అడిగే హక్కు నాకు లేదు. రేపు ఉదయం ఏడు గంటల వార్తల్లో మొదటి అంశంగా నీ మాట మొత్తం వేస్తున్నాను. కోసింది నేనేనని నా పేరుతో చెప్తాను. మా డైరెక్టరుకి చెప్పలేదు, చెప్తే ఆపుతాడు. పెద్దలందర్నీ రేడియో ముందు కూర్చోబెట్టమని నబౌవాకి కబురు పెట్టాను. నీళ్ల కోసం నువ్వు బిల్లుకి చెయ్యెత్తినా మాట తప్పినట్టు కాదని వాళ్లే వింటారు. మిమ్మల్ని సభకి తీసుకెళ్లే బస్సు ఎనిమిదిన్నరకట. ఫోన్లతో పాటు రేడియో కూడా తీసేసుకున్నారేమో తెలియదు. మేరె ఏడింటికల్లా తన రేడియో తెచ్చుకుని, గేటు బయట గొంతు పూర్తిగా పెంచి నిలబడతానంది.