పెన్న కనబడని ప్రయాణం

నాయనా,

నిన్న నేను విమానంలో బెంగళూరు వచ్చాను. ఇక్కడ ఉద్యోగం చేస్తున్న నీ మనవరాలు లత టికెట్ కొని పంపింది. ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి గంట ప్రయాణమట. మన ఆదోని నుంచి ఓర్వకల్లు చేరడానికే అంతకు రెట్టింపు పట్టింది. దక్షిణాన ఉన్న ఊరికి కోడుమూరు మీదుగా తూర్పుకు పోవడమేమిటో! రోడ్డు మీద ఒక దూరం, ఆకాశంలో ఇంకో దూరం అంటుంది లత. ఒకే ఊరు రెండు దూరాల్లో ఎలా ఉంటుంది?

పామిడి వంతెన మీద బస్సులోంచి నువ్వు పెన్నలోకి రూపాయి విసిరేవాడివి కదా. విమానంలో నేనూ రూపాయి బిళ్ల పట్టుకుని కూర్చున్నాను.

"అన్నా, పెన్న యాడొస్తాది?" అని పక్కనున్నాయనను అడిగాను.

"అంతా మబ్బేమ్మా, దాటేసినామేమో. అయినా ఈ కిటికీ తెరుసుకోదు కదా," అన్నాడు.

నిన్ను బెంగళూరు ఆసుపత్రికి అంబులెన్సులో తెస్తున్న రోజు, "యాడికొచ్చినామమ్మా?" అని అడిగావు. "పెన్న కాడికొస్తాండాం నాయనా," అన్నాను. వంతెన రాగానే బిళ్ల వేశాను. నువ్వు మళ్లీ అడగలేదు.

అప్పుడు ఓర్వకల్లుకు తీసుకుపోయి విమానం ఎక్కించి ఉంటే దక్కేవాడివా? ఆ గంటకు ముందూ వెనకా ఉన్న దారిని కలుపుతాను, తీసేస్తాను, ఎంతకీ తేలదు.

బిళ్ల ఇంకా నా దగ్గరే ఉంది. తిరిగి వెళ్లడానికి బస్సు టికెట్ చాలని లతకు చెప్పాను. వంతెన మీద బిళ్ల వేస్తాను. ఈసారి నేను అడుగుతాను, నువ్వు చెప్పు: యాడికొచ్చినాం నాయనా?