చివర ఒక రూపాయి

సిద్దిపేట,
శనివారం.

పర్శరాములు బావకు,

రెండు రోజులుగా చేస్తున్నా మీరు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం చింతమడక ఆటోలో పంపుతున్నాను.

హైవే మీది కంపెనీకి చెక్కపెట్టెలు ఇన్నేళ్లూ ఇద్దరం చెరి సగం చేసి ఇచ్చాం. ఈసారి వాళ్లు కంప్యూటర్‌లో వేలం పెట్టారు. ఎవరు తక్కువ చెబితే వాళ్లకే మొత్తం ఆర్డరు. తెర మీద పేర్లుండవు, ధరలే కనిపిస్తాయి. చివరికి నాకు పోటీగా ఒక్కరే మిగిలారు. పెట్టెకు నేను 400 అంటే ఆ మనిషి 391 అన్నాడు. నేను 380 అంటే 371 అన్నాడు.

నాకు పని నేర్పేటప్పుడు మీరు అనేవారు కదా, "ధర సున్న మీద ఆపొద్దుర, ఒక్క రూపాయి కలుపు, మంచిగైతది" అని. 371 చూడగానే ఆ మనిషి మీరేనని తెలిసిపోయింది.

తెలిసి కూడా 360 నొక్కాను బావా. మీరు 351 అన్నారు. ఆర్డరు మీకే వచ్చింది, కానీ ఆ ధరకు చెక్క కూడా రాదు.

సోమవారం నా రంపం తీసుకుని వస్తున్నాను. సగం పెట్టెలు నేను చేస్తాను, నష్టంలో సగం నాది. తిట్టాలంటే తిట్టండి. ఆ 360 సంగతి మాత్రం మా అక్కకు చెప్పకండి.

మీ బామ్మర్ది