పైన మంచు లేదు

షర్క్, కువైట్ సిటీ
24 జనవరి 2026, శనివారం

చెల్లి జెన్నిఫర్‌కి,

గురువారం మధ్యాహ్నం రెండున్నరకి కేథరిన్ పనిచేసే ఇంటివాళ్ళు ఆల్ప్స్ ప్రయాణం మానుకున్నారు. సోమవారం నువ్వు స్టేషనుకి వెళ్ళనక్కర్లేదు. ముందు ఈ ముక్క చెప్పేస్తే తప్ప వందనాలు చెప్పడానికి నోరు రాలేదు. నీకూ, బావకీ ప్రభువు పేరట వందనాలు. నేను ఒంట్లో బాగానే ఉన్నాను.

ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మధ్యలో ఆగిపోతాను. అమలాపురంలో అన్నేళ్ళు విలేకరిగా చేసినవాణ్ణి, ఏది ముందు ఏది వెనక అన్నది రాస్తేనే నాకు కుదురుతుంది. నీకు తెలిసినవి కూడా మళ్ళీ రాస్తున్నాను. అక్కడి సహాయ సంస్థ ఆవిడకి నువ్వు ఇది చదివి చెప్పాలి కదా.

మన చిన్న చెల్లి కేథరిన్ ఇక్కడ ముబారక్ అల్ కబీర్‌లో ఒకే ఇంట్లో ఐదేళ్ళుగా పనిచేస్తోంది. ఒక్కసారీ ఊరికి పంపలేదు. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంటుంది. మామా అంటే ఇంటి యజమానురాలని ఆవిడకి చెప్పు. ఎంబసీకి వెళ్ళమని నేనే కేథరిన్‌తో అన్నాను. గడప దాటితే గొలుసు పోయిందని కేసు పెడతామని మామా ముందే చెప్పిందట. ఆ పాస్‌పోర్టు బయటికొచ్చేది ఇంటిల్లిపాదీ విదేశం వెళ్ళినప్పుడే, పిల్లల్ని చూసుకోడానికి కేథరిన్‌నీ తీసుకెళ్తారు గనక. వాళ్ళ టికెట్లు చేసేది మా ట్రావెల్ ఆఫీసు. నువ్వున్న లోయని ఎంచి వాళ్ళకి చూపించింది నేను. అక్కడ దిగాక తను తిరిగి రాకూడదన్నది మన ముగ్గురి ఆలోచన.

కిందటేడు మామా మంచు సంగతి కనుక్కోకుండా వెళ్ళి, వానలో పిల్లల్ని హోటల్లో కూర్చోబెట్టి తీసుకొచ్చింది. అందుకే ఈసారి రోజూ వాకబు చేయించింది. అదీ నేరుగా నన్ను అడగదు, కేథరిన్ చేత అడిగిస్తుంది. మీవాడు నాతో అబద్ధం చెబుతాడు, అమ్ముకునేవాడు కదా, నీతో చెప్పడు అని కేథరిన్‌తో అందట.

నేను ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు. హోటల్ వాళ్ళు చెప్పే లోతు నేను నమ్మను. వాతావరణ శాఖ వాళ్ళ కొలత చూస్తాను, కొండ మీద కెమెరాలు చూస్తాను. వారం తర్వాత ఏం కురుస్తుందో చెప్పేదాన్ని ఊహగానే లెక్కేస్తాను. ఊళ్ళో ఎంత మంచుందన్నది పెద్ద విషయం కాదు. జారేది పైన గనక పైన ఎంతుందో చూడాలి. ఏ ఎత్తు దాకా వాన పడుతుంది, ఏ ఎత్తు నుంచి అది మంచుగా మారుతుంది అన్నది చూడాలి. గాలి ముదిరితే రోప్‌వే ఆపేస్తారు. మంచు చరియల హెచ్చరిక ఉందంటే ఎంత అందమైన కొండైనా వద్దనాలి.

గురువారం పొద్దున అన్నీ అనుకూలంగా ఉన్నాయి. పైన నడుము లోతు మంచు, రాత్రి చలికి గట్టిపడి ఉంది. గాలి లేదు. చరియల ప్రమాదం తక్కువ. లోయలో మాత్రం చల్లటి గాలి అడుగున చిక్కుకుపోయి పొగమంచు పట్టింది. దాని పైకి వెళ్తే ఎండ. స్కీయింగ్ చేసేవాళ్ళు కోరుకునేది అలాంటి రోజే.

అదే కేథరిన్‌కి చెప్పాను. కింద ఊళ్ళో మంచుంది, పైన మంచు లేదు, ఎండ కాస్తోంది అన్నాను.

మనకి మంచంటే పొద్దున్నే కాలవ మీద పట్టి, ఎండెక్కాక విడిచేది. ఆకాశం నుంచి రాలి గడ్డకట్టేదాన్నీ మంచనే అంటాం. కేథరిన్ ఆ మాటని అరబ్బీలో తల్జ్ అని చెప్పింది. తల్జ్ అంటే రాలేది, గడ్డకట్టేది, అంతే. పొగమంచు కాదు. కింద తల్జ్ ఉంది, పైన తల్జ్ లేదు అని మామా చెవిన పడింది. పైన లేకపోతే నా పిల్లలు రాళ్ళ మీద జారతారా, ఖలాస్ అనేసిందట. ఇక అయిపోయిందని.

నాకు తెలిసేసరికి సాయంత్రమైంది. వెంటనే మామాకి ఫోన్ చేసి, మాటలో పొరపాటు జరిగిందని చెప్పి, కెమెరా బొమ్మ కూడా పంపాను. పొద్దున లేని మంచు నీ కమీషన్ పోతుందనగానే కురిసిందా యేసూ అని నవ్వింది. గదులు అప్పటికే వదిలేశారు. ఇక్కడ బడి సెలవులు, అక్కడ రద్దీ. మళ్ళీ దొరకలేదు. పక్క ఊళ్ళు కూడా చూశాను. వాళ్ళ వీసాల గడువు ఫిబ్రవరితో సరి. వేసవికి ఈజిప్టు అంటున్నారు. అక్కడ మనవాళ్ళెవరూ లేరు.

సహాయ సంస్థ ఆవిడకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు. వేరే దారి ఉందేమో అడుగు. నాకైతే కనబడలేదు. ఉందని రాసి నిన్ను ఊరించలేను.

నీ అన్నయ్య,
యేసుదాసు

తా.క. ఇదంతా రాసి, పంపేలోగా కేథరిన్ ఫోన్ చేసింది. మాటలో పొరపాటని పైన రాశాను. అది నిజం కాదు.

ఇందులో నీ తప్పేం లేదమ్మా, మన భాషే అలాంటిదని ఓదార్చబోయాను. నవ్వింది. చలికాలంలో డ్రైవరు ఆలస్యమైనప్పుడల్లా మామా దబాబ్, దబాబ్ అని ఇల్లెగిరిపోయేలా అరుస్తుందన్నయ్యా, ఐదేళ్ళ నుంచి వింటున్నాను, పొగమంచుని ఏమంటారో నాకు తెలీదా అంది.

ఆ ఇంట్లో వంట చేసే సూరాయమ్మది రాజోలు దగ్గర. ఫిబ్రవరిలో ఆవిణ్ణి ఇంటికి పంపుతామన్నారు. బుధవారం మామా ఇద్దర్నీ నిలబెట్టి, కేథరిన్ మాతో తిరిగొస్తేనే నీ టికెట్టు అని సూరాయమ్మతో చెప్పిందట. మామాకి ఏ అనుమానం వచ్చిందో తెలియదు. వంటింట్లోకి వచ్చాక సూరాయమ్మ, నాకోసం ఆగావంటే అట్లకాడతో వాయించేస్తాను, పోవే పిల్లా అందట. ఆవిడ కోప్పడి ఉంటే వెళ్ళిపోదును, నవ్వుతూ చెప్పింది, ఇంక కాళ్ళు రాలేదన్నయ్యా, అక్కడ దిగి అక్కని చూశాక వెనక్కి రాగలనా, అందుకే ప్రయాణమే లేకుండా చేశాను అంది కేథరిన్. అక్కకి చెప్పొద్దు అని కూడా అంది. నేను చెబుతున్నాను.

మరి సూరాయమ్మ టికెట్టు మాటేమిటని అడిగాను. ప్రయాణమే లేదు గనక ఆ మాటా లేదట. రంజాన్ నెలలో వంటమనిషిని ఎవరు వదులుకుంటారు, ఈద్ అయ్యాక చూద్దాం అందట మామా.

పిల్లలు మంచు కావాలని ఏడుస్తున్నారు. వచ్చే శుక్రవారం ఉదయం పదింటికి వాళ్ళని మాల్‌లో యంత్రాలతో మంచు చేసే హాలుకి తీసుకెళ్తున్నారు. కేథరిన్ కూడా వెళ్తోంది. పిల్లలు లోపల జారుతున్నంతసేపూ, వాళ్ళ బూట్లు పట్టుకుని బయట బెంచీ మీద కూర్చోవాలి.