మోటారు కొట్టు బోర్డు

ఆళ్లగడ్డ

తమ్ముడు మద్దిలేటికి,

ఫోన్ చేస్తే ప్రతిసారీ నీ పీఏనే ఎత్తుతున్నాడు, అందుకే రాస్తున్నాను. నువ్వు గెలిచినప్పటి నుంచి ఇక్కడ అందరూ నన్ను ఎమ్మెల్యే అక్క అంటున్నారు. పైకి విసుక్కుంటాను గానీ, ఎవరూ పిలవని రోజు నాకేం తోచదు.

నంద్యాలలో నీ మోటారు రిపేరు కొట్టు బోర్డు దింపించి, అక్కడ పార్టీ ఆఫీసు పెడతావని విన్నాను. ఎమ్మెల్యేకు ఆ బోర్డు నామోషీ అని నీ చుట్టూ ఉన్నవాళ్లు చెప్పారట.

నిన్న బస్సులో గోస్పాడు రైతు ఒకాయన, నేనెవరో తెలియక, పక్కసీటాయనతో నీ సంగతే చెబుతున్నాడు. అందరూ నీ దగ్గరికి అర్జీలు తెస్తే, ఆయన కాలిపోయిన బోరు మోటారును ఆటోలో వేసుకొచ్చాడట. గన్‌మన్ గేటు దగ్గరే అడ్డుకుంటే నువ్వు బయటికొచ్చి, "యాడికి పొమ్మంటాండావప్పా? దించు ఈడ" అన్నావట. తెల్లచొక్కా చేతులు మడిచి, మధ్యాహ్నం దాకా కూర్చుని నువ్వే వైండింగు చుట్టావట.

"ఆయప్పకు నేను ఓటెయ్యలేదన్నా. ఈసారి ఏస్తా" అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ బోర్డు దింపొద్దు. మా బోరు మోటారు కూడా మొన్న కాలింది. మంగళవారం మీ బావ దాన్ని తెస్తున్నాడు. కొట్టు మీద బోర్డు కనబడకపోతే, నేరుగా అసెంబ్లీ గేటుకే తీసుకుపొమ్మని చెప్పాను.

ఇట్లు,
మోటార్ల మద్దిలేటి అక్క